ద్రాక్షతోటల దారిలో: ఇచ్ఛాపూర్ నుండి నాసిక్ వరకు

ఇచ్ఛాపూర్ అనగానే మన బంధువర్గానికి శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురమే స్ఫురిస్తుంది. మాది ఆ ఊరు కాదనీ, సూరత్ నుండి హజీరాకు పోయే దారిలో, తాపీ నది సముద్రంలో కలిసే చోటికి చేరువలో ఉన్న మరొక ఊరనీ వివరించడం ఇరవై ఐదేళ్ళుగా మాకు అలవాటైపోయింది. విచిత్రమేమిటంటే ఈ పొరపాటులోనూ కొంత నిజముంది. ఆ ఇచ్ఛాపురానికి ఆనుకొని ఉన్న గంజాం జిల్లా నుండి వచ్చిన ఒడియా కార్మికులు వేలాదిగా సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. మన తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాలు లింబాయత్ పేటలో తరతరాలుగా స్థిరపడి, అక్కడే బతుకమ్మలు పేర్చుకుంటున్నాయి. ఇక మా వంటి కర్మాగారపు ఉద్యోగులు నిన్న మొన్న వచ్చినవారి కిందే లెక్క.

ఈ రాష్ట్రానికి బదిలీ మీద వచ్చే ప్రతి ఉద్యోగికీ మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెవిలో వేసే మాట ఒకటున్నది: ఇక్కడ మద్యం నిషిద్ధం. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టాన్ని, 1960 మే 1న ఏర్పడిన గుజరాత్ రాష్ట్రం తన వెంట తెచ్చుకొని నేటికీ అమలు చేస్తున్నది. 2023 డిసెంబరులో గాంధీనగర్ దగ్గరి గిఫ్ట్ సిటీకి మాత్రం కొంత సడలింపు లభించింది. అట్టి చోట నివసిస్తూ ద్రాక్షాసవపు నేలమాళిగలను చూడబోయిన వైనాన్ని మన పత్రికకు వ్రాయడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. చరిత్రను చూస్తే అంత వింత ఏమీ లేదు. 1638లో సూరత్‌కు వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో, ఇక్కడి ఆంగ్ల వర్తకులు సారాయిలో పన్నీరు, నిమ్మరసం, చక్కెర కలిపిన పానీయం సేవించేవారని వ్రాసి పెట్టాడు. నేడు ప్రపంచమంతటా పంచ్ అని పిలిచే పానీయానికి పూర్వరూపం అదేనంటారు.

గత జనవరిలో గణతంత్ర దినోత్సవానికి వారాంతపు సెలవులు కలిసి రావడంతో రెండు కుటుంబాలము నాసిక్ యాత్ర తలపెట్టాము. మాతో వచ్చినవారు నెల్లూరు జిల్లాకు చెందిన సహోద్యోగి దంపతులు. త్ర్యంబకేశ్వర దర్శనం, పంచవటి సందర్శనం ప్రధానోద్దేశాలు. ద్రాక్షతోటలు పిల్లల కోరిక. సహోద్యోగి భార్యను నేను వదినగారూ అని పిలుస్తాను. ఆమె ఆదిలోనే ఒక షరతు పెట్టారు: "తోట చూస్తానుగానీ ఆ సీసాల గదిలోకి మాత్రం నన్ను రమ్మనకండి అన్నయ్యగారూ." ఆమె పట్టుదలకు కారణమున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రగిలిన సారా వ్యతిరేకోద్యమంలో ఆమె తల్లిగారు తమ ఊరి మహిళలతో కలిసి సారా పాకకు అడ్డం కూర్చున్నారట. ఆ ఉద్యమ ఫలితంగానే 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తివేశారు.

ఇచ్ఛాపూర్ నుండి నాసిక్‌కు దాదాపు 250 కిలోమీటర్లు. నవసారి, చిఖలీల మీదుగా వాంస్దా చేరేవరకు చెరకు తోటలు, మామిడి తోపులు. గట్ల వెంబడి ఈతచెట్లు, తాడిచెట్లు. ఎండాకాలంలో ఇక్కడివారు గలేలీ అని పిలిచి ప్రీతిగా తినేవి మన తాటిముంజలే. వఘయి దాటిన తరువాత డాంగ్ జిల్లా టేకు అడవులు ఆరంభమవుతాయి. అక్కడి నుండి బిలిమోరా వరకు గాయక్వాడ్ ప్రభువుల కాలంలో వేసిన చిన్న రైలుమార్గమున్నది. తరువాత మలుపులు తిరుగుతూ ఘాటురోడ్డు సాపుతారా పైకి ఎక్కుతుంది. పిల్లలు కిటికీలు తెరచి చలిగాలికి ముఖాలు ఒడ్డారు. సరిహద్దు దాటామని చెప్పడానికి మైలురాయి అవసరం లేకపోయింది. మహారాష్ట్రలో ప్రవేశించిన కొద్ది నిమిషాలకే మద్యం దుకాణాల బోర్డులు ఎదురైనాయి. ఆ వెనుకనే స్ట్రాబెర్రీలు అమ్మే గిరిజన మహిళలు బుట్టలతో కూర్చొని ఉన్నారు. మేము బుట్టల దగ్గరే ఆగాము.

వణి, దిండోరి ప్రాంతాలకు చేరేసరికి ద్రాక్షతోటలు కనబడసాగాయి. ఈ దారి కొత్తదేమీ కాదు. 1670 అక్టోబరులో సూరత్‌ను రెండవసారి కొల్లగొట్టి తిరిగి పోతున్న ఛత్రపతి శివాజీ సేనను మొగలు సేనాని దావూద్ ఖాన్ అడ్డగించిన వణి - దిండోరి యుద్ధం జరిగింది ఇక్కడే. సూరత్ నుండి బరువైన మూటలతో ఈ దారిన పోవడం అప్పుడు ప్రమాదకరం. నాసిక్ నుండి సీసాలతో సూరత్‌కు రావడం ఇప్పుడు ప్రమాదకరం.

ద్రాక్ష అనగానే మన తెలుగువారి కన్నుల ముందు నిలిచేది హైదరాబాదు చుట్టుప్రక్కల పందిరితోటలు. అనాబ్-ఎ-షాహీ అనే పెద్ద గింజల రకాన్ని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదుకు తెచ్చారని చెబుతారు. నిండుగా వ్రేలాడే ఆ గుత్తుల క్రింద వంగి నడిచిన జ్ఞాపకం నా తరానికి ఇంకా ఉన్నది. ఆ తోటలలో చాలా భాగం ఇప్పుడు ఇళ్ళ స్థలాలైపోయాయి. నాసిక్ ఆసవపు తోటల తీరు వేరు. అక్కడ పందిరి లేదు. తీగలను కంచెలాగా తీగకమ్ముల మీద వరుసలు కట్టి, నడుమంత ఎత్తునే కాపు కాయిస్తారు. గింజ చిన్నది, తోలు మందం, లోపల విత్తనం. బజారులో అమ్మే పండుకంటె తీపి ఎక్కువ. ఆ తీపే పులిసి మద్యసారంగా మారుతుంది కనుక పంచదార శాతాన్ని రోజూ కొలిచి, కోత రోజును నిర్ణయిస్తారు.

చలిదేశాలలో ద్రాక్షతీగ శీతకాలంలో నిద్రపోతుంది. ఇక్కడ నిద్ర లేదు. అందుచేత దక్కనులో రైతు ఏడాదికి రెండుసార్లు కత్తెర పడతాడు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి కొమ్మలు బలపడడానికి, వర్షాలు వెనుకబట్టిన తరువాత సెప్టెంబరు - అక్టోబరులలో మరొకసారి కాపు కోసం. పంట జనవరి నుండి మార్చి వరకు చేతికి వస్తుంది. ఐరోపాలో తీగలు మోడులై ఉన్న కాలంలో ఇక్కడ కోత. మేము వెళ్ళినది సరిగ్గా ఆ రోజులలోనే. తెల్లవారకముందే తలకు దీపాలు కట్టుకొని కోసిన గుత్తులను ప్లాస్టిక్ గంపలలో నింపి, ఎండ ఎక్కకముందే లోపలికి చేరుస్తున్నారు. కోసేవారిలో ఎక్కువమంది మహిళలే.

నాసిక్‌కు ద్రాక్ష పాతదేగానీ ఆసవం కొత్తది. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి తిరిగివచ్చిన రాజీవ్ సామంత్ అనే ఇంజనీరు గంగాపూర్ దగ్గర 1990ల ద్వితీయార్ధంలో ఆసవానికి పనికివచ్చే తీగలు నాటించి, సులా పేరుతో పని ఆరంభించారు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విధానం ప్రకటించి, రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసే వైనుకు సుంకం రాయితీలిచ్చింది. వింఛూర్‌లో వైన్ పార్కు వెలసింది. తరువాత యార్క్, సోమ, వాలోనే వంటి సంస్థలు, ఫ్రెంచివారి షాండన్ వచ్చాయి. నాసిక్ లోయ వైను అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మన ఊళ్ళలోని "వైన్స్" బోర్డులకు అలవాటుపడిన కళ్ళకు ఇదంతా కొంత తికమకే. మన దగ్గర ఆ బోర్డున్న దుకాణంలో వైను తప్ప తక్కినవన్నీ విరివిగా దొరుకుతాయి.

మేము చూసిన కర్మాగారం గంగాపూర్ ఆనకట్టకు సమీపంలోని ఒక చిన్న సంస్థ. ప్రకటనలాగా ఉండకూడదని దాని పేరు వ్రాయడం లేదు. ఆనకట్టలో నిలిచిన నీరు గోదావరిది. త్ర్యంబకంలో పుట్టిన నది పట్టుమని కొన్ని మైళ్ళైనా పోకముందే ద్రాక్షవేళ్ళను తడుపుతున్నది. అదే నీరు మహారాష్ట్రమంతా నడచి కందకుర్తి దగ్గర మా నిజామాబాదు జిల్లాలో ప్రవేశిస్తుంది. మా ఊరు అక్కడికి దూరం కాదు.

లోపల అడుగుపెట్టగానే నాకూ, నా మిత్రునికీ పుట్టింటికి వచ్చినట్లనిపించింది. ఎటు చూసినా తుప్పుపట్టని ఉక్కు తొట్లు, వాటిచుట్టూ చల్లని ద్రవం ప్రవహించే కవచాలు, ఉష్ణమాపకాలు, కవాటాలు. తెల్లద్రాక్షను పిండి, రసాన్ని మాత్రమే పదిహేను డిగ్రీల లోపు ఉంచి మెల్లగా పులియనిస్తారు. నల్లద్రాక్షను తోలుతో సహా, ఇంకొంచెం వెచ్చదనంలో పులియబెడతారు. ఎర్రని రంగు తోలు నుండి వస్తుందిగానీ రసం నుండి కాదు. పులిసేటప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు తోలునంతా పైకి నెట్టి గట్టి మూతలాగా చేస్తుంది. క్రింది రసాన్ని పంపుతో తోడి ఆ మూత మీద పోస్తూ ఉండాలి. మా మిత్రుడు వెంటనే ఆ పంపు సామర్థ్యమెంతో విచారించాడు. కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాణ్ణి దేవాలయానికి తీసుకుపోయినా గంట ఏ లోహంతో పోశారని అడుగుతాడు.

తరువాత మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్ళాము. వదినగారు మెట్ల పైనే నిలబడిపోయారు. చల్లని చీకటి. వరుసలుగా ఓక్ పీపాలు. ఒక్కొక్కటి 225 లీటర్లు పడుతుంది, అంటే సరిగ్గా మూడు వందల సీసాలు. కొత్త చెక్క వాసన, పులిసిన పండ్ల వాసన కలిసి మా నాయనమ్మ ప్రసవించిన కోడళ్ళకు త్రాగించే ద్రాక్షారిష్టపు సీసాను జ్ఞాపకం చేశాయి. ధాతకీ పుష్పాలు వేసి దానంతట అదే పులియనిచ్చే మన ఆయుర్వేదపు అరిష్టాలూ, ఆసవాలూ ఈ విద్యకు దూరపు చుట్టాలే.

పైకి వచ్చిన తరువాత రుచిచూసే బల్ల. ఇక్కడే ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం జరిగింది.

ఒక యువకుడు ఐదు గాజు గ్లాసులలో తలా రెండు గుక్కలు పోసి, పట్టుకొనే తీరు, త్రిప్పే తీరు, వాసన చూసే తీరు నేర్పాడు. తెల్లదానిలో జామకాయ, పచ్చి క్యాప్సికం వాసన పట్టుకోమన్నాడు. ఎర్రదానిలో మిరియపు ఘాటు ఉన్నదన్నాడు. ఒకే తీగ నల్లరేగడిలో ఒక విధంగానూ, రాతినేలలో మరొక విధంగానూ రుచినిస్తుందని, ఏ వాలులో పండిందో అనుభవజ్ఞుడు నాలుకతో చెప్పగలడని వివరించాడు. నిపుణులు మ్రింగరు, నోట త్రిప్పి ఉమ్మివేస్తారు అంటూ ఒక పాత్రను ముందుకు జరిపాడు. తక్కినవారు నవ్వారు. నేను మొదటి గుక్కను నాలుక క్రిందికి పోనిచ్చి, ఒకసారి పీల్చి, పక్కకు తిరిగి పాత్రలో ఉమ్మాను. ఆలోచించి చేసిన పని కాదు. ఆ యువకుడు ఆశ్చర్యపడి, "సార్ ఇదివరకు ఈ వృత్తిలో ఉన్నారా?" అని అడిగాడు.

ఇరవై ఐదేళ్ళుగా మా కాలనీలో ఎవరడిగినా మా నాన్నగారిది వ్యవసాయమని చెబుతూ వచ్చాను. వివాహ పత్రికలోనూ అదే వేయించాను. ఆ బల్ల ముందు నిలబడి ఎందుకో ఆ మాట నోటికి రాలేదు.

"నేను కాదు. మా నాన్నగారు కల్లుగీత కార్మికులు" అన్నాను, ముందు హిందీలో ఆ యువకునితో, తరువాత తెలుగులో మావారితో.

మా బాపు నడుముకు మోకు కట్టి, ముస్తాదు తగిలించుకొని, గీతకత్తితో పొద్దుటా సాయంత్రం చెట్లెక్కేవారు. శీతకాలంలో ఈత, శివరాత్రి వెళ్ళిన తరువాత తాడి. దించిన ప్రతి లొట్టి నుండి ఒక్క చుక్క నాలుక మీద వేసుకొని ఉమ్మేవారు. ఏ చెట్టు ఎప్పుడు ఆపాలో, ఏ చెట్టు కోతను ఎటు త్రిప్పాలో ఆ చుక్క చెప్పేది. పోతుతాడికీ పండుతాడికీ, వాగు ఒడ్డు చెట్టుకూ గుట్టమీది చెట్టుకూ రుచి భేదాలు కళ్ళు మూసుకొని చెప్పేవారు. మ్రింగేవారు కాదు. త్రాగిన గీతగాడు దిగిరాడని వారి నమ్మకం. అయినా 1989 వానకాలంలో తడిసిన చెట్టు మీద మోకు జారింది. తుంటి ఎముక విరిగింది. నేను అప్పుడు పదవ తరగతి. నన్ను చెట్టెక్కనీయనని ఆ మంచం మీదనే నిర్ణయించి, పాలిటెక్నిక్‌కు పంపారు. ఈ ఉద్యోగం ఆ నిర్ణయపు ఫలం.

శాస్త్రం తెలిసినవారికి ఇందులో మరొక సంగతి తట్టుతుంది. ఉక్కుతొట్టిలో ద్రాక్షరసాన్ని పులియబెట్టే ఈస్టూ, మట్టిలొట్టిలో ఈత నీరాను కల్లుగా మార్చే ఈస్టూ ప్రధానంగా ఒకే జాతివి. ద్రాక్షకు రోజులు, వారాలు పట్టే పని కల్లుకు గంటలలో ముగుస్తుంది. వైనులో మద్యసారం పన్నెండు నుండి పధ్నాలుగు శాతం. తాజా కల్లులో నాలుగైదుకు మించదు. ఒకదానికి పాలరాతి బల్ల, మరొకదానికి ఊరిబయటి మండువ. అలాగని కల్లును నేను వెనకేసుకు రావడం లేదు. మా జిల్లాలోనే మత్తుమందులు కలిపిన కల్లు త్రాగి చెడిన కుటుంబాలను ఎరుగుదును. అట్లాగే వదినగారి తల్లి కూర్చున్న ఆ సారా పాక ముందు నేనున్నా వారి పక్కనే కూర్చునేవాణ్ణి. నన్ను బాధించినది వేరు. నాలుక మీది ఆ విద్యను ఆ యువకుడు గర్వంగా చెప్పుకుంటుంటే, ఇంట్లో పుట్టిన అదే విద్యను నేను దాచుకొని తిరిగాను.

గుమ్మం దగ్గర ఎప్పుడు వచ్చి నిలబడ్డారో, వదినగారు అంతా విన్నారు. ఆమె ఏమంటారోనని నా భార్య నా వైపు చూసింది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమండీ అన్నయ్యగారూ?" అన్నారామె. కాసేపాగి, "ఎంత ఎత్తు ఎక్కేవారు?" అని అడిగారు.

తాడిచెట్టైతే అరవై అడుగులు కూడా ఉంటుందని చెప్పాను. ఆమె ఆ యువకుని వైపు తిరిగి, బయట గుత్తులు కోసే స్త్రీలకు రోజుకూలి ఎంతని అడిగారు. ఆ లెక్క తనకు తెలియదన్నాడు. తక్కిన మూడు గ్లాసులూ బల్లమీదనే ఉండిపోయాయి.

మరునాడు త్ర్యంబకేశ్వరంలో తెల్లవారుజామున దర్శనం చేసుకొని, పంచవటిలో గోదావరి స్నానఘట్టాలు చూసి తిరుగు ప్రయాణమైనాము. సీసా ఒక్కటీ కొనలేదు. గుజరాత్‌లోకి తేవడం నేరమని మన ఉద్యోగులందరికీ తెలిసినదే అయినా, తోటలు చూడబోయే మిత్రులకు మరొకసారి గుర్తుచేస్తున్నాను. సాపుతారా తనిఖీ కేంద్రం దగ్గర పోలీసులు కారు వెనుక తలుపు తెరిపించారు. రెండు పెట్టెల ద్రాక్షపండ్లు, నాలుగు కిలోల కిస్మిస్, త్ర్యంబకం ప్రసాదం చూసి నవ్వి పంపించివేశారు.

సోమవారం ఉదయం విధులకు వెళ్ళబోతూ రోడ్డు ప్రక్కన నీరా అమ్మేచోట ఆగాను. చలికాలమంతా సూరత్‌లో ఇది దొరుకుతుంది. కుండలోపల సున్నం పూసి, పులియకముందే దించిన ఈతనీరు కనుక నిషేధం దీనికి వర్తించదు. 2023లో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున తెలంగాణ ప్రభుత్వం నీరా కేఫ్ ప్రారంభించినప్పుడు మా బాపుకు ఫోటో పంపాను. ఆయన పెద్దగా మాట్లాడలేదు. పదేళ్ళ క్రితం ఇచ్ఛాపూర్ వచ్చినప్పుడు మాత్రం ఇదే రోడ్డు గట్టుమీది ఈతచెట్టును తడిమి, కోత గుర్తులు చూసి, "ఈ గీసెటోనికి ఇంకా చెయ్యి తిరగలే బిడ్డా" అన్నారు. ఆనాడు ప్రక్కన మా అధికారి ఉన్నందున నేను ఆ మాటను అనువదించలేదు.

నీరా గ్లాసు చేతబట్టుకొనే ఆయనకు ఫోను చేసి నాసిక్ సంగతులన్నీ చెప్పాను. తొట్లు, పీపాలు, రుచిచూసి ఉమ్మే పాత్ర, అంతా శ్రద్ధగా విన్నారు.

"చెట్టెంత ఎత్తుంటది?" అని అడిగారు.

"చెట్టు గాదు బాపూ, తీగ. నడుమంత ఎత్తు. నిలవడే కోస్తరు."

"అట్లయితే పడేది లేదు. మంచిగైంది" అని, ఫోను మా అమ్మకు ఇచ్చారు.